బ్యాక్టీరియా లైపోప్రోటీన్లు: ముడి, రవాణా, విడుపు

ఎషెరీషియా కోలై వంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా కణానికి లోపలి పొర, వెలుపలి పొర అని రెండు పొరలుండగా, వాటి నడుమ చక్కెర గొలుసులు, పెప్టైడ్లు అల్లుకున్న పెప్టిడోగ్లైకాన్ అనే వల కణానికి ఆకారాన్నీ బలాన్నీ ఇస్తుంది. ఈ వలకు రసాయన బంధంతో అతుక్కుని ఉన్న ఒక చిన్న ప్రోటీన్‌ను 1969లో జర్మనీలో ఫోల్క్‌మార్ బ్రౌన్, కుర్ట్ రేన్ గుర్తించారు. దాని రెండో కొసన కొవ్వు ఆమ్లాలున్నాయని 1973లో వెల్లడి కావడంతో, వెలుపలి పొరను వలకు కట్టి ఉంచేది ఈ లైపోప్రోటీనే, అంటే కొవ్వు తగిలిన ప్రోటీనే, అని అర్థమైంది.

ఆ కొవ్వు తగిలే క్రమం తేలడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. ప్రోటీన్ మొదట 20 అమైనో ఆమ్లాల అదనపు ముందుభాగంతో తయారవుతుందని 1977లో ఇనౌయే బృందం చూపగా, లోపలి పొరలోని ఫాస్ఫాటిడైల్‌గ్లిసరాల్ అనే కొవ్వు నుంచి రెండు కొవ్వు ఆమ్లాల భాగం సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి బదిలీ కావడమే తొలి మెట్టని 1994లో కృష్ణన్ శంకరన్, హెన్రీ వూ నిరూపించారు. తరువాత రెండో ఎంజైమ్ ముందుభాగాన్ని కోసివేస్తుంది, మూడోది మరో కొవ్వు ఆమ్లాన్ని చేరుస్తుంది.

నీటిలో ఇమడని మూడు కొవ్వు తోకలతో ఈ ప్రోటీన్ నీటిమయమైన నడిమి ప్రదేశాన్ని దాటడమే అసలు చిక్కు. టోక్యోలో హజిమె తొకుడా బృందం 1995-2000 మధ్య దీనిని విప్పింది: ఏటీపీ శక్తితో లోల్‌సీడీఈ సముదాయం ప్రోటీన్‌ను లోపలి పొర నుంచి పెకలిస్తే, లోల్‌ఏ ఆ తోకలను తన కుహరంలో దాచుకుని మోసుకుపోయి, వెలుపలి పొరలోని లోల్‌బీకి అప్పగిస్తుంది. ఈ దారి వెలుపలి పొర లోపలి ముఖం దగ్గరే ముగుస్తుంది. నైసీరియా జాతి బ్యాక్టీరియాలో ఉపరితలానికి చేర్చే స్లామ్ ప్రోటీన్లు బయటపడింది 2016లోనే.

ఇంతకాలం పరిశోధన దాదాపుగా కట్టడం వైపే సాగింది గానీ విప్పడం వైపు చూపు ఆలస్యంగానే మళ్లింది. కణం పెరగాలంటే వల తెగాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి బృందం పట్టుకున్నది ఈ కొసనే. వల అడ్డుబంధాలను కోసే మెప్‌ఎస్ స్వయంగా ఒక లైపోప్రోటీన్ కాగా, ఎన్‌ఎల్‌పీఐ అనే మరో లైపోప్రోటీన్ సాయంతో పీఆర్‌సీ అనే ఎంజైమ్ దానిని ఎప్పటికప్పుడు నాశనం చేస్తుందని 2015లో ఆ బృందం తెలిపింది. బ్రౌన్ లైపోప్రోటీన్‌ను వల నుంచి విడదీసే ఎంజైమ్ కూడా, ఆ ముడి కనబడిన 52 ఏళ్లకు, 2021లో అక్కడే వెలుగుచూసింది. ఎల్‌డీటీఎఫ్ అనే ఆ ఎంజైమ్‌ను అంతవరకు ముడివేసే ఎంజైముల కోవలోనే లెక్కించారు.