సచివాలయంలోకి రెండు తోవలు

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో ఉపాధి పనికి పోయే ఏ ఆడమనిషిని అడిగినా, ఊళ్లో ఎవరితో మంచిగా ఉండాలో ఠక్కున చెబుతుంది. ఆ మనిషి సర్పంచి కాదు, తహసీల్దారూ కాదు, ఫీల్డ్ అసిస్టెంటు. కొలతలు టెక్నికల్ అసిస్టెంటు తీస్తాడు గానీ, పని కావాలన్నవాళ్ల పేర్లు ఎక్కించేదీ, మస్టర్‌లో హాజరు వేసేదీ ఈయనే. వాన మొహం చాటేసిన ఏడు ఎండాకాలంలో ఆ మస్టరే ఇంటికి కూలి తెస్తుంది. జీతం చూస్తే కొద్దిపాటిది. అయినా ప్రభుత్వం మారితే ముందు ఊగేది ఈ కుర్చీయే. 2019లోనూ, 2024లోనూ రాష్ట్రంలో చాలాచోట్ల పాతవాళ్లను దించి కొత్తవాళ్లను ఎక్కించారన్న గొడవలు రేగాయి. కొన్ని హైకోర్టు మెట్లెక్కాయి. రెండుసార్లూ ఊళ్లో వినబడిన ప్రశ్న ఒకటే: ‘మనోడేనా?’

ఈ ప్రశ్నను సర్కారు కొలువుల్లోంచి గెంటెయ్యడానికి మనవాళ్లు వందేళ్ల కిందటే పూనుకున్నారు. కర్నూలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రధాన మంత్రిగా ఉన్న తెలుగువాడు పానగల్లు రాజా హయాంలో, 1924లో, ఉద్యోగుల ఎంపికకు స్టాఫ్ సెలక్షన్ బోర్డు పెట్టారు. 1929లో మద్రాసు శాసనసభ చట్టం చేసింది. మరుసటి ఏడు మద్రాసు సర్వీస్ కమిషన్ మొదలైంది. దేశంలో ఏ రాష్ట్రానికీ అంతకుముందు అలాంటిది లేదు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనకూ సర్వీస్ కమిషన్ వచ్చింది, మద్రాసు నిబంధనలనే ఆధారం చేసుకుంది. ఇవాళ్టి ఏపీపీఎస్సీకి మూలం అదే.

అమెరికాకు ఈ బుద్ధి రావడానికి ఒక ప్రాణం పోయింది. గెలిచిన పార్టీవాళ్లకు కొలువులు పంచడం అక్కడ ఆనవాయితీ. పార్టీకి పనిచేశాను, పదవి ఇవ్వలేదన్న కక్షతో 1881లో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. 1883లో పరీక్ష పెట్టి కొలువులిచ్చే పెండిల్టన్ చట్టం వచ్చింది.

అయితే పరీక్ష పాసైనా, చేరాక ఇంకో గండం ఉంది. అదే పోలీసు విచారణ. మన రాజ్యాంగం 16(2) అధికరణం సర్కారు కొలువుల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం చూసి వివక్ష చూపకూడదంటుంది. రాజకీయ అభిప్రాయం ఆ జాబితాలో లేదు. ఆ లోటు వల్ల కష్టపడ్డవాళ్లున్నారు. 1949 నాటి జాతీయ భద్రత నిబంధనల కింద, కమ్యూనిస్టులని చెప్పి రైల్వే కార్మికులను ఇంటికి పంపారు. బాలకోటయ్య అనే బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగి సుప్రీంకోర్టు దాకా పోయి 1957లో ఓడిపోయాడు. పార్టీలో ఉండే హక్కు నీకుంది, అది పెట్టుకుని సర్కారు కొలువులో కొనసాగే హక్కు లేదు పొమ్మన్నది తీర్పు సారం.

పాతికేళ్లు గడిచాక అదే కోర్టులో గాలి మళ్లింది. మళ్లించినవాడు తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. మధ్యప్రదేశ్‌లో రామశంకర్ రఘువంశీ అనే మునిసిపల్ బడి పంతులును, ఆ బడిని స్వాధీనం చేసుకున్నాక, 1972లో సర్కారు తన కొలువులోకి తీసుకుంది. గతంలో ఆర్ఎస్ఎస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు నివేదిక రాగానే 1974లో తీసేసింది. 1983 తీర్పులో చిన్నప్పరెడ్డి సర్కారును గట్టిగా నిలదీశారు. ప్రభుత్వోద్యోగం దేవతలు మాత్రమే అడుగుపెట్టే స్వర్గమా అని అడిగారు. కుర్రాళ్లను రాజకీయాల్లో పాల్గొనమని దేశ నాయకులే పిలుస్తుంటే, పాల్గొన్నందుకు జీవితాంతం మచ్చ మోయాలా అన్నారు. కొలువులో చేరక ముందు చేసిన రాజకీయం చూసి కడుపు కొట్టడం సమానత్వానికీ, భావ స్వేచ్ఛకీ విరుద్ధమని తేల్చారు. ఆయన మొగ్గు వామపక్షం వైపన్నది అందరికీ తెలిసిందే. కాపాడింది మాత్రం దానికి ఆవలి గట్టున ఉన్న మనిషిని. ఆ తీర్పు మీద నాకు అంత గౌరవం అందుకే. కొలువులో చేరాక పార్టీ పని కూడదన్న నిబంధన వేరు. మన రాష్ట్రంలో 1964 ప్రవర్తనా నియమావళిలో అది ఉంది, ఉండాలి కూడా.

ఈ గోడలన్నీ పెద్ద కొలువుల చుట్టూ లేచాయి. ఊరి కొలువు మునసబు, కరణాల వంశాల్లోనే తిరిగేది. మునసబు పదవికి వారసత్వం చెల్లదని గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులనే ఎత్తేసింది. వంశం పోయిన చోట నోటిఫికేషన్, మార్కులు రావలసింది. గౌరవ వేతనం పేరున చిన్న పదవులు పుట్టుకొచ్చి, సిఫార్సు వచ్చి కూర్చుంది.

ఈ తేడా ఎంతటిదో 2019లో ఒకే గుమ్మం దగ్గర కనబడింది. ఆ ఏడు సెప్టెంబరులో గ్రామ, వార్డు సచివాలయాల్లోని లక్షా పాతికవేలకు పైబడిన ఉద్యోగాలకు రాతపరీక్ష జరిగింది. దానికి ముందే, యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, ఐదువేల గౌరవ వేతనంతో రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను తీసుకున్నారు. వాళ్లకు రాతపరీక్ష లేదు, మండల స్థాయిలో ముగ్గురు అధికారుల ఇంటర్వ్యూ చాలింది. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది తమ పార్టీవాళ్లేనని అప్పటి పాలకపక్ష నేతలే బాహాటంగా అన్నారు. 2024 మార్చి నెలాఖరున ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించింది. వేలమంది రాజీనామా చేశారు. కొత్త ప్రభుత్వం ఆ వ్యవస్థను పునరుద్ధరించలేదు. జూలై 1న తెల్లారకముందే పింఛను సంచులతో ఇళ్ల తలుపులు తట్టింది సచివాలయ ఉద్యోగులు. గత ప్రభుత్వం పెట్టిన పరీక్షలో నెగ్గినవాళ్లే, కొత్త ప్రభుత్వపు పింఛను పంచారు. మీరు ఎవరి మనుషులని ఎవరూ అడగలేదు, అడిగే వీలూ లేదు. వాలంటీర్లలో నిజాయితీగా, కరోనా కాలంలో ప్రాణాలొడ్డి పనిచేసిన పిల్లలు ఎందరో ఉన్నారు. వచ్చిన తోవే వాళ్ల పని తినేసింది.

ఓర్వకల్లుకు ఇంకో పేరుంది. తొంభైల నడుమ ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన పథకం ఊతంతో ఇక్కడ పొదుపు సంఘాలు పాతుకున్నాయి, మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం దేశమంతా వచ్చి చూసేంతగా ఎదిగింది. లెక్కలు రాసే మనిషిని, అంటే యానిమేటరును, సంఘం కూర్చుని, తీర్మానం రాసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టి ఎంచుకోవాలన్నది సంఘాల పద్ధతి. లెక్క తప్పితే నిలదీసేదీ ఆ ఆడవాళ్లే. పార్టీలు ఆ యానిమేటర్ల కుర్చీల మీద కూడా చెయ్యి వేశాయి, రాష్ట్రమంతా. అయినా తీర్మానాల పుస్తకం ఉన్నచోట కనీసం పోట్లాడటానికి ఒక కాగితం ఉంటుంది.

ఫీల్డ్ అసిస్టెంటుకూ అంతే కావాలి. ఊరి గోడకు అంటించిన నోటిఫికేషన్, మార్కుల జాబితా, తీసేస్తే కారణం రాసిన ఉత్తర్వు, దాని మీద అప్పీలు వినే అధికారి. 1924లో మద్రాసులో గుమాస్తా కొలువుకు మొదలుపెట్టిన ఏర్పాటు, ఇక్కడ ఉపాధి కూలీ మస్టర్ దాకా రావడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక్క జీవో సరిపోతుంది.