రెక్కకు దొరికిన కీలు

ఇంజను బలంతో మనిషిని నిట్టనిలువుగా గాలిలోకి లేపడం 1907 నాటికే ఫ్రాన్స్‌లో దాదాపు సాధ్యమైనా, అలా లేచిన యంత్రం పల్టీ కొట్టకుండా నమ్మకంగా ముందుకు సాగడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ ఏడాది డువే పట్టణంలో బ్రెగే సోదరులు, ఆచార్య రిషే నిర్మించిన జైరోప్లేన్, నాలుగు మూలలా మనుషులు పట్టుకుని నిలబెడితే తప్ప కుదురుగా ఉండలేదు. నవంబరు 13న లిసియూ సమీపంలో పాల్ కోర్న్యూ అనే సైకిళ్ల తయారీదారు 24 అశ్వశక్తి ఇంజనుతో తన యంత్రాన్ని నేల విడిపించాడని చరిత్రకారులు చాలాకాలం రాస్తూ వచ్చారు గాని, ఆ ఇంజను అంత బరువు ఎత్తగలిగేది కాదని తరవాతి ఇంజనీర్లు లెక్కలు కట్టి సందేహించారు. ఎవరు ముందన్న తగవు అటుంచితే, ఆ యంత్రాలు ఎందుకు నిలదొక్కుకోలేకపోయాయన్నదే అసలు ప్రశ్న.

తలపై తిరిగే రెక్కల చక్రాన్ని రోటర్ అంటారు. ఇంజను దానిని ఒక దిక్కుకు తిప్పుతుంటే యంత్రపు దేహం అంతే బలంతో ఎదురు దిక్కుకు తిరగబోతుంది. ఇది టార్క్ వల్ల కలిగే చిక్కు. రెండు రోటర్లను ఎదురెదురు దిశల్లో తిప్పితే ఒకదాని మెలికను మరొకటి రద్దు చేస్తుందని తొలితరం వారికీ తెలుసు. రెండో చిక్కు మాత్రం యంత్రం ముందుకు కదిలితే గాని బయటపడదు. అప్పుడు ఒక పక్క రెక్క గాలికి ఎదురు వెళ్తుంటే, రెండో పక్క రెక్క గాలి వాలున వెనక్కి మళ్లుతుంది. ఎదురు వెళ్లే రెక్కకు ఊర్ధ్వబలం, అంటే పైకి ఎత్తే బలం, ఎక్కువై, మళ్లే రెక్కకు తక్కువై, యంత్రం ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఈ ముడి విప్పిన స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వాకు హెలికాప్టర్ మీద ఆసక్తే లేదు. 1919లో తాను రూపొందించిన మూడు ఇంజన్ల విమానం వేగం తగ్గి కూలిపోవడంతో, వేగం మందగించినా పడిపోని విమానం కోసం ఆయన ఆటోజైరోను తలపెట్టాడు. అందులో ముందుకు లాగే పని మామూలు ప్రొపెల్లరుది. పైనున్న రోటరుకు ఇంజనుతో సంబంధం లేదు, ఎదురుగాలికే అది తిరుగుతుంది. చిన్న నమూనాలు చక్కగా ఎగిరినా, నిజమైన యంత్రాలు ఒకదాని వెంట ఒకటి పక్కకు ఒరిగి బోల్తా పడ్డాయి. నమూనా రెక్కలలో వాడినవి సులువుగా వంగే పేము బద్దలనీ, పెద్ద యంత్రం రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయనీ గమనించాక ఆయనకు కారణం తట్టింది. నాలుగో యంత్రంలో ఒక్కో రెక్క మొదట్లో తలుపు మడతబందు లాంటి కీలు అమర్చాడు. ఎదురు వెళ్లే రెక్క ఆ కీలు మీద పైకి లేస్తుంది. లేస్తున్నంతసేపు గాలిని తాకే కోణం తగ్గి, దానితో ఊర్ధ్వబలమూ తగ్గుతుంది. మళ్లే రెక్క కిందికి వాలి, కోల్పోయిన బలాన్ని తిరిగి రాబట్టుకుంటుంది. 1923 జనవరిలో మాడ్రిడ్ సమీపాన ఆ యంత్రం ఒరగకుండా ఎగిరింది.

సియెర్వా ఆటోజైరోలను లైసెన్సుపై తయారుచేసిన అనుభవంతోనే జర్మనీలో హెన్రిచ్ ఫోకె రెండు రోటర్ల హెలికాప్టర్ ఎఫ్‌డబ్ల్యు-61ను నిర్మించాడు. 1936 జూన్‌లో అది తొలిసారి ఎగిరింది. అదే ఏడాది డిసెంబరులో సియెర్వా లండన్ శివార్లలోని క్రాయ్‌డన్‌లో సాధారణ ప్రయాణికుల విమానం కూలి మరణించాడు.

కీవ్‌లో 1909 ప్రాంతంలో హెలికాప్టర్ ప్రయత్నాల్లో విఫలమై, అమెరికా చేరిన ఇగోర్ సికోర్‌స్కీ 1939 సెప్టెంబరు 14న వీఎస్-300ను తీగలతో నేలకు కట్టి లేపాడు. టార్క్‌ను అణచడానికి తోక చివర ఒక చిన్న రోటరు చాలన్నది ఆయన పట్టుదల. నేడు మనకు కనిపించే హెలికాప్టర్లలో అధిక భాగానికి ఆ రూపమే స్థిరపడింది. దాని వారసుడైన ఆర్-4 1944 ఏప్రిల్‌లో అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవుల్లోకి వెళ్లి, కూలిన విమానం పైలట్‌నూ ముగ్గురు క్షతగాత్రులనూ బయటకు చేర్చింది. వేడికీ ఎత్తుకూ పలచబడిన గాలిలో ఇంజను శక్తి చాలక, ఒక్కొక్క విడతకు ఒక్కరినే మోయగలిగింది.

ఈ బలహీనతను తీర్చినది గ్యాస్ టర్బైన్, అంటే మండిన వాయువుల ధాటికి చక్రం తిరిగే తేలికైన ఇంజను. 1955లో ఎగిరిన ఫ్రెంచి అలూయెట్-2తో దానికి ఆదరణ పెరిగింది. హిమాలయాల కోసం భారత సైన్యం కోరిన మీదట రూపొందిన ఫ్రెంచి హెలికాప్టర్ లామా, బెంగళూరులోని హెచ్ఏఎల్‌లో చీతాగా తయారై సియాచిన్ శిబిరాలకు సరుకులు చేరవేసింది. 1972లో ఫ్రెంచి పైలట్ జాన్ బూలే లామాను 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకుపోగా ఇంజను ఆరిపోయింది. ఎదురుగాలికే రోటరు తిరుగుతుండగా, ఆటోజైరో పద్ధతిలోనే, ఆయన క్షేమంగా దిగాడు. 1992లో తొలిసారి ఎగిరిన హెచ్ఏఎల్ ధ్రువ్‌లో రెక్క మొదట్లో కీలు లేదు. మిశ్రమ పదార్థంతో చేసిన రెక్క తానే వంగి ఆ పని నెరవేరుస్తుంది.