ఊరి బయటి ఈస్టర్

వచ్చే ఆదివారం ఈస్టర్. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, బెల్లంపల్లి వైపు ఈ వారమంతా సమాధుల తోటల్లో పని సాగుతుంది. గడ్డి పీకుతారు, పగుళ్లకు సిమెంటు మెత్తుతారు, సున్నం వేస్తారు, చెరిగిపోయిన పేర్లను నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. ఆదివారం తెల్లవారకముందే పూలు, కొవ్వొత్తులు పట్టుకొని ఇంటిల్లిపాదీ అక్కడికి చేరతారు. ఇంకా చీకటి ఉండగానే మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వెళ్లిందని యోహాను సువార్త చెబుతుంది. మనవాళ్లు ఆ వేళ తప్పనివ్వరు. పాటలు, ప్రార్థన అయ్యాకే చర్చి, ఆ తర్వాతే ఇంట్లో బగారా, మటన్.

ఈ పండుగలో నన్ను అన్నిటికంటే పట్టి నిలిపేది అది జరిగే చోటు. క్రిస్మస్ ఇంట్లో, చర్చిలో వెలుగుతుంది. ఈస్టర్ ఊరి బయట మొదలవుతుంది. యేసును సిలువ వేసింది యెరూషలేము గోడల వెలుపల. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఆ కథను మొదట తమదిగా చేసుకున్న మాల, మాదిగ కుటుంబాల ఇళ్లూ ఊరి వెలుపలే. గోడ బయట చంపినవాణ్ణి దేవుడు లేపాడన్న వార్త వాడలో ఎలా వినిపించి ఉంటుందో, ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లకు తెలియడం కష్టం.

పాత శాసనాల్లో సబ్బినాడుగా కనిపించేది ఈ కరీంనగర్ ప్రాంతమే. వేములవాడ, ధర్మపురి, కాళేశ్వరం క్షేత్రాల గురించి, ఎలగందుల కోట ఏలిన రాజుల గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది. క్రైస్తవం మాటకొస్తే మాత్రం ఆ శతాబ్దాలన్నీ దాటి 19వ శతాబ్దం చివరికి రావాలి. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ తదితర వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టారు. కొన్నేళ్లకే అది కరీంనగర్‌కు పాకింది. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ పూనికతో 1914లో మొదలైన మహాదేవాలయం కరువుకాలపు కూలీలకు అన్నం పెట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆ కథ అందరికీ తెలుసు. నేను ఆగాలనుకునేది పాత కరీంనగర్ జిల్లా పొరుగున, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో.

వాడకు కూడా బయట ఉండేవాళ్లు పెద్దరోగం వచ్చినవాళ్లు. చుట్టాలుండీ లేనివాళ్లు, బతికుండగానే చచ్చినవాళ్ల లెక్కలో చేరినవాళ్లు. స్కాట్లాండ్‌లో పుట్టి, అబెర్డీన్‌లో 1903లో వైద్యపట్టా పొందిన ఇసాబెల్ కెర్, భర్త జార్జ్‌తో కలిసి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. కుష్ఠురోగులకు ఈ ప్రాంతంలో దిక్కు లేదని చూసి 1911లో నిజామాబాద్‌లో వాళ్ల కోసం ఒక కేంద్రం తెరిచారు. వచ్చేవాళ్లకు అది చాలలేదు. అప్పుడు ఆదుకున్నది రాజా నర్సాగౌడ్, ఒక హిందువు. ఆయన ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు చికిత్సాలయం నిలబడింది. మన క్రైస్తవ చరిత్ర చెప్పుకునేటప్పుడు నర్సాగౌడ్ పేరును పక్కన పెట్టడం అన్యాయం.

అప్పటికి ఉన్న మందు చాల్మూగ్రా నూనె ఒక్కటే. తాగితే కడుపులో తిప్పేది. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ మెరుగుపరిచిన పద్ధతిలో ఆ నూనె మందునే సూదితో ఎక్కించడం మొదలయ్యాక డిచ్‌పల్లిలో ఆశ చిగురించింది. చిక్కటి నూనె, నొప్పి పుట్టించే సూది, నెలల తరబడి చికిత్స. అయినా జనం వచ్చారు. 1923లో ఇసాబెల్‌కు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. పతకం సంగతి అలా ఉంచి, ఎవరూ ముట్టని చేతిని ఒక డాక్టరమ్మ తన చేతిలోకి తీసుకుని చూడటాన్ని తలుచుకోండి. ఆ చేతికి స్పర్శ పోయి ఉండవచ్చు. ముట్టుకున్నారని కంటితో చూసే తెలుసుకోవాలి.

ఈస్టర్ తర్వాతి ఆదివారం చాలా చర్చిల్లో తోమా కథ చదువుతారు. లేచివచ్చిన ప్రభువు ఒంటి మీద మేకుల గాయాలు మాసిపోలేదు, తోమాకు చూపింది వాటినే. ఈ మాట నాకు డిచ్‌పల్లి గురించి చదివాకే నిజంగా అందింది. రోగం తగ్గినవాళ్లకు పోయిన వేళ్లు తిరిగి రాలేదు. బాగుపడ్డారు, ఆ చేతులతోనే. వాళ్లను తిరిగి గడప లోపలికి రానివ్వాల్సింది మాత్రం ఊరు. లాజరును సమాధి నుంచి పిలిచిన యేసు, అతని కట్లు విప్పే పని చుట్టూ నిలబడ్డవాళ్లకే అప్పగించాడు. 1940లలో డాప్సోన్, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చి రోగాన్ని లొంగదీశాయి. కట్లు విప్పే పని మందులతో పూర్తయ్యేది కాదు.

ఇక్కడి క్రైస్తవ సంఘాల తర్వాతి చరిత్ర ఒక దారిన నడవదు. నిజాం రాజ్యం ఇంకా భారతదేశంలో కలవకముందే, 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. 1978లో ఆ సంఘపు డోర్నకల్ మండలం నుంచి విడివడి కరీంనగర్ అధ్యక్ష మండలం వచ్చింది. 1999లో సీరో-మలబార్ కతోలికుల ఆదిలాబాద్ మేత్రాసనం మంచిర్యాల కేంద్రంగా వెలిసింది. బొగ్గుబాయిల కాలనీల్లో, బీడీలు చుట్టే గల్లీల్లో రేకుల షెడ్ల కింద స్వతంత్ర సంఘాలు లెక్కకు మించి పుట్టాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. మన రాష్ట్రంలో అతనికి దక్కేది బీసీ-సీ. అందుకే కాగితం మీద ఒక మతం, ప్రార్థనలో మరొక మతంగా బతికే ఇళ్లున్నాయి. వాళ్లను నిందించే హక్కు ఎవరికీ లేదు.

ఇక గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడి తెలుగు ఆరాధనలకు సెలవు రోజైన శుక్రవారం వెళ్లేవారు. 2022లో ఎమిరేట్స్ వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. కూలీలందరికీ ఆ సెలవు దొరకదు. కొందరు శవపేటికల్లో తిరిగి వస్తున్నారు. శంషాబాద్ విమానాశ్రయం బయట ఆ పెట్టె కోసం ఎదురుచూసిన తల్లులు ఈ పల్లెల్లో ఉన్నారు. ఈ ఏడాది ఈస్టర్ ప్రసంగం సిద్ధం చేసుకుంటున్న కాపరులు, పుస్తకాలు తెరవకముందు అలాంటి ఒక్క ఇంటికైనా వెళ్లి, ఆ తల్లి చెప్పేది చివరిదాకా విని రావాలని నా మనవి.