ఏకపార్శ్వ ఉపేక్ష

మెదడు దెబ్బతిన్న తరువాత, కంటిచూపు బాగానే ఉన్నా, తన చుట్టూ ఉన్న స్థలంలో ఒక పక్కను, సాధారణంగా ఎడమ పక్కను, మనిషి గమనించలేకపోవడాన్ని ఏకపార్శ్వ ఉపేక్ష అంటారు. వైద్యులు వాడే పేరు హెమీస్పేషియల్ నెగ్లెక్ట్. ఇది దృష్టి లోపం కాదు, అవధాన లోపం.

లక్షణాలు

రోగి విస్తరిలో కుడి సగం మాత్రమే తిని, ఎడమ సగం అలాగే ఉండగా ఇంకా వడ్డించమంటాడు. కుడి చెంప మాత్రమే గడ్డం గీసుకుంటాడు. తెలుగు ఎడమ నుండి కుడికి వ్రాసే లిపి కనుక చదువులో తప్పిపోయేవి పంక్తుల, పదాల మొదళ్ళు. కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలో (2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా) బస్సు బోర్డు మీది "జగ్గయ్యపేట" అటువంటి రోగికి "పేట"గానూ, "నందిగామ" "గామ"గానూ కనిపించవచ్చు. "పేట"తో ముగిసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి కదా! కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూలో పంక్తుల చివరలు పోతాయి.

ఈ లోపం జ్ఞాపకానికి కూడా వ్యాపిస్తుంది. ఇటలీలోని మిలాన్ నగరవాసులైన ఇద్దరు రోగులను బిసియాక్, లుజ్జాట్టి అనే పరిశోధకులు అక్కడి చర్చి ముందరి కూడలిని ఊహించుకొని వర్ణించమన్నారు (1978). వారు కుడి పక్క భవనాలనే ఎక్కువగా చెప్పారు. ఎదుటి వైపు నుండి చూస్తున్నట్లు ఊహించమంటే, ముందు వదిలివేసినవే చెప్పారు. జగ్గయ్యపేట నుండి నందిగామకు వెళ్ళే దారిని ఊహించమన్నా, తిరుగు దారిని ఊహించమన్నా ఇలాగే జరగవచ్చు.

కారణం

ఎక్కువగా పక్షవాతం వలన, ముఖ్యంగా మెదడు కుడి అర్ధగోళంలోని పార్శ్వికా లంబిక దెబ్బతిన్నప్పుడు, ఇది వస్తుంది. రోడ్డు ప్రమాదాలలో తలకు తగిలే గాయాలు మరొక కారణం. బహుళాదరణ పొందిన వివరణ ప్రకారం కుడి అర్ధగోళం రెండు పక్కలనూ గమనిస్తుంది, ఎడమది ప్రధానంగా కుడి పక్కనే గమనిస్తుంది. కనుక కుడి అర్ధగోళం దెబ్బతింటే ఎడమ పక్కకు దిక్కుండదు.

గుర్తించడం

గీతకు మధ్య బిందువు పెట్టమంటే రోగి బాగా కుడికి జరిపి పెడతాడు. గడియారం బొమ్మలో అంకెలన్నీ కుడి సగంలో ఇరికిస్తాడు. కేవలం సగం చూపు పోయినవారు సాధారణంగా ఆ సంగతి తెలుసుకొని తల త్రిప్పి చూస్తారు. ఉపేక్ష ఉన్నవారికి లోపం ఉన్నట్లే తెలియదు. పైగా చాలామందిలో మాట చక్కగా ఉంటుంది. ఇంటివారు దీనిని మొండితనంగానో, నటనగానో భావించడం రోగికి చేసే అన్యాయమే కాక ప్రమాదకరం కూడా. ఎందుకంటే రక్తపు గడ్డ వలన వచ్చిన పక్షవాతానికి, దానిని కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి.

చికిత్స

తొలి వారాలలో చాలామందికి కొంత మెరుగవుతుంది. కాగితం ఎడమ అంచున ఎర్రగీత గీసి, అది కనబడే వరకు చూపు త్రిప్పే అభ్యాసం చేయిస్తారు. దృశ్యాన్ని కుడికి జరిపే పట్టకపు కళ్ళద్దాలతో అభ్యాసం చేయించి ఫలితం చూపినవారు రోసెట్టి బృందం (1998). అయితే అందరికీ ఆ మేలు నిలవదు. వైద్యుడు పరీక్షించి అనుమతించే వరకు రోగి వాహనం నడపరాదు. విజయవాడ-హైదరాబాదు జాతీయ రహదారిని ఒంటరిగా దాటనివ్వడం కూడా తగదు.