ఆడియో లేటెన్సీ, బఫర్ లోపాలు: హోమ్ రికార్డింగ్ చరిత్ర

మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్ళిన ధ్వని తిరిగి హెడ్‌ఫోన్‌లో వినిపించేలోగా గడిచే సమయాన్ని ఆడియో లేటెన్సీ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. కంప్యూటర్ శాంపిల్స్‌ను (ధ్వని నమూనాలను) ఒక్కొక్కటిగా కాక, కొన్నింటిని కూడబెట్టి విడతలుగా నడిపిస్తుంది. అవి నిలిచే చోటే బఫర్. పైనుంచి నీళ్ళు ఆగి ఆగి వచ్చినా కుళాయి ధార తెగకుండా కాచే తొట్టిలాంటిది ఇది. బఫర్ పెద్దదైతే ఆలస్యం పెరుగుతుంది. చిన్నదైతే ప్రాసెసర్ దాన్ని వేళకు నింపలేక చిటపటలు, తెగిన శబ్దాలు వస్తాయి.

లెక్క

సెకనుకు 44,100 శాంపిల్స్ వేగంలో 256 శాంపిల్స్ బఫర్ నిండడానికి దాదాపు 5.8 మిల్లీసెకన్లు, 1,024 శాంపిల్స్ బఫర్‌కు 23.2 మిల్లీసెకన్లు పడతాయి. ధ్వని లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు మరోసారి బఫర్ దాటాలి. ధ్వనిని అంకెలుగా, అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే కన్వర్టర్లు, డ్రైవర్ తీసుకునే సమయం దీనికి అదనం. గాలిలో ధ్వని 10 మిల్లీసెకన్లలో సుమారు 3.4 మీటర్లు ప్రయాణిస్తుంది. కీబోర్డు వాయించేవారు అంత ఆలస్యాన్ని చాలావరకు సర్దుకోగలరు. గాయకులకు మాత్రం సొంత గొంతు ఎముకల ద్వారా వెంటనే వినిపిస్తుంది కనుక అంతకంటే తక్కువ ఆలస్యమే ఇబ్బంది పెడుతుంది.

చరిత్ర

1989లో అటారి ఎస్‌టీ కంప్యూటర్ కోసం స్టైన్‌బెర్గ్ సంస్థ విడుదల చేసిన క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ ధ్వనిని కాక, ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే మిడీ సందేశాలను మాత్రమే నడిపేది. 1991లో వచ్చిన ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడియో పనికి ప్రత్యేక కార్డుల మీద ఆధారపడింది. 1996లో మాకింతోష్‌పై వచ్చిన క్యూబేస్ వీఎస్‌టీ ఎఫెక్టుల పనిని కంప్యూటర్ ప్రాసెసర్‌కే అప్పగించింది. ఖరీదైన కార్డుల అవసరం తగ్గి ఇంటి స్టూడియోకు దారి తెరుచుకుంది. దాంతో లేటెన్సీ కూడా ఇంటి సమస్య అయింది.

ఆనాటి విండోస్‌లోని ఎంఎంఈ ఆడియో వ్యవస్థను గాయకుడి అవసరాల కోసం రూపొందించలేదు. అందులో ఆలస్యం వందల మిల్లీసెకన్లకు చేరేది. 1997లో స్టైన్‌బెర్గ్ తెచ్చిన ఏసియో అనే డ్రైవర్ ప్రమాణం ఆపరేటింగ్ సిస్టమ్ మిక్సర్‌ను పక్కనపెట్టి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను నేరుగా ఆడియో డ్రైవర్‌తో కలిపింది. 2001లో మాక్ ఓఎస్ ఎక్స్‌తో వచ్చిన కోర్ ఆడియో తక్కువ లేటెన్సీని వ్యవస్థలోనే భాగం చేసింది. లైనక్స్‌లో పాల్ డేవిస్ జాక్ అనే తక్కువ లేటెన్సీ ఆడియో సర్వర్‌కు రూపమిచ్చారు. 2007లో మార్కెట్‌లోకి వచ్చిన విండోస్ విస్టా, ఆడియో పరికరాన్ని ఒకే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించే వాసాపి ఎక్స్‌క్లూజివ్ పద్ధతిని అందించింది. 2024లో పనులను గడువులోగా నడిపే రియల్‌టైమ్ సదుపాయం లైనక్స్ ప్రధాన కెర్నెల్‌లో (6.12) చేరింది.

కారణాలు, సవరణలు

ప్రాసెసర్ సగం ఖాళీగా ఉన్నా ధ్వని తెగవచ్చు. ఇక్కడ సగటు వేగం కంటే ప్రతి విడతా గడువులోగా పూర్తికావడం ముఖ్యం. వై-ఫై లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ కొన్ని మిల్లీసెకన్లపాటు ప్రాసెసర్‌ను పట్టి ఉంచినా గడువు తప్పుతుంది. విండోస్‌లో ఇలాంటి డ్రైవర్‌ను లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ పట్టి చూపుతుంది. విద్యుత్ పొదుపు అమరికలను ఆపడం, మైకును కంప్యూటర్‌తో కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వాడడం, యూఎస్‌బీ హబ్ లేకుండా ఇంటర్‌ఫేస్‌ను నేరుగా కలపడం తొలి చర్యలు.

లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్, ముందుచూపు లిమిటర్ వంటి ప్లగిన్లు తమవంతు ఆలస్యాన్ని కలుపుతాయి. బఫర్ తగ్గించినా అది పోదు. రికార్డింగ్ సమయంలో వాటిని ఆపాల్సిందే. కొత్త ట్రాక్ పాత ట్రాక్‌తో కలవకపోతే, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలిపి ఒక క్లిక్ రికార్డు చేయాలి. ఎన్ని శాంపిల్స్ తేడా వచ్చిందో చూసి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లోని ఆఫ్‌సెట్‌లో నమోదు చేస్తే సరిపోతుంది.

ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే చెవికి చేరుతుంది. ఆ సదుపాయం లేనప్పుడు పాడేటప్పుడు 64 లేదా 128 శాంపిల్స్, మిక్సింగ్ చేసేటప్పుడు 1,024 శాంపిల్స్ బఫర్ పెట్టుకోవడం మేలైన పద్ధతి.