ధవళేశ్వరంలో ఒక షాగిర్ద్

గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. నదిలో దిగి తాతముత్తాతలతో పాటు ఆయనకూ తర్పణం వదిలేవాళ్లున్నారు. మనకు ఆ రివాజు లేదు గానీ ఎహసాన్ మాత్రం మన మీదా ఉంది. మా మసీదు హౌజ్‌లో వుజూ చేసే నీళ్లు ఆ కాలువవే, మా దస్తర్‌ఖాన్ మీది అన్నమూ ఆ కాలువదే. అయినా ఆయన్ని అవతారపురుషుణ్ణి చేసేస్తే, ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చేజారిపోతుందని నాకనిపిస్తుంది.

ముందు ఆ జమానా చూడండి. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి 5,61,041. నడుమ 1833 నాటి కరువు, 1839లో కోరంగి తుఫాను. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లొదిలి పోయారు. పక్కనే గోదావరి నిండుగా పారుతూ సముద్రం పాలవుతోంది! కంపెనీ సర్కారు రహమ్ తలచి ఆనకట్ట కట్టించిందనుకోకండి. శిస్తు పడిపోయింది, ఖజానాకు దెబ్బ తగిలింది. 1846లో ఇజాజత్ వచ్చింది అందుకే. ఆ సంగతి కాటన్‌కూ తెలుసు. ఆయన మతనిష్ఠ గల క్రైస్తవుడు. అయినా పైవాళ్లకు రాసేటప్పుడు ఖర్చెంత, రాబడెంత అనే చెప్పేవాడు. ఆ లెక్కల వెనక ఒక దిల్ ఉందని నా నమ్మకం.

ఇక అసలు మాట. గోదావరి అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసకే. ఇసక మీద అంత బరువు ఎలా నిలబెట్టాలి? ఈ ఇల్మ్ ఆయన విలాయత్ నుంచి తెచ్చుకోలేదు. తంజావూరు వైపు కావేరి మీద పనిచేస్తున్న రోజుల్లో, చోళుల నాటి కల్లణైని దగ్గరగా చూసి నేర్చుకున్నాడు. లోతు తెలియని ఇసకలో పునాది నిలిపే విద్య ఈ దేశపువాళ్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత తానే రాశాడు. పాలించే జాతివాడు, పాలితుల్లో పేరు కూడా మిగలని మేస్త్రీలను ఉస్తాదులుగా ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. నా దృష్టిలో ఆయన హిమ్మత్ అక్కడుంది. తుఫానులూ వరదలూ దాని తర్వాతే.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నడుమ లంకలు, నాలుగు ముక్కలుగా కట్టడం, అంతా కలిపి దాదాపు 12,000 అడుగులు. కొండరాయి మోయడానికి పట్టాలు పరిచి బళ్లు నడిపారు. బొంబాయి నుంచి ఠాణాకు రైలు నడిచింది 1853లో. మన ధవళేశ్వరంలో పట్టాలు అంతకు ముందే పడ్డాయి. ఈ ముచ్చట పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుంటారు.

మరుసటి ఏడే కాటన్ తబియత్ చెడింది. సెలవు మీద దేశం దాటాల్సి వచ్చింది. పని ఆగిందా? లేదు. కెప్టెన్ ఆర్ అనే ఆయన నడిపించాడు. వేలమంది కూలీలను కూడగట్టి, వాళ్ల మంచిచెడ్డలు చూసింది వీణం వీరన్న. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర 49 కమానుల మీదుగా నదిని దాటించి కోనసీమలోకి నీళ్లు తీసుకుపోయింది హేగ్ అనే కుర్ర ఇంజనీరు. తాను లేకపోయినా పని సాగేట్టు మనుషుల్ని తయారుచేయడాన్నే నేను ఖియాదత్ అంటాను. కాటన్ పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. వీరన్న పేరు, ఆర్ పేరు ఎంతమంది పిల్లలకు తెలుసో ఈ జుమా రోజు మీ ఇంట్లో అడిగి చూడండి.