ఊడ్చిన ఈగే మోసిన చావు

కాముని పున్నం దాటేసరికి జగిత్యాల తోటల్లో మామిడి పిందె కడుతుంది. కోరుట్ల వైపు కానుగ చెట్లు పూతకొస్తాయి. యాసంగి నువ్వుచేలు తెల్లగా విచ్చుకుంటాయి. సిరిసిల్ల దారిలో వేపలు తమ వంతు కోసం చూస్తుంటాయి. పుట్టతేనె ఈగకు ఏడాదిలో ఇవే పండుగ రోజులు. మేత దొరికేకొద్దీ రాణి మరిన్ని గుడ్లు పెడుతుంది. అప్పుడు పెట్టె మూత తీస్తే పట్ల నడుమంతా పిల్లల గదులే. పట్టు అడుగంచున కొత్త రాణి గదులు వేలాడుతుంటే గుంపు చీలబోతోందని అర్థం. తెలిసిన పెంపకందారు అది లేచిపోయేదాకా ఆగడు, తనే ముందుగా రెండో పెట్టెలోకి పంచేస్తాడు.

ఆ నిండుదనం మీదే దెబ్బ పడింది.

1976లో థాయిలాండ్‌లో బయటపడిన థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ రెండేళ్లకు మన ఈశాన్యంలో కనిపించింది. 1991–92లో దక్షిణాది మీద విరుచుకుపడింది. తేనెకు దేశమంతా పేరున్న కొడగు పెట్టెలు బోసిపోయాయి. కేరళలో పెంపుడు గుంపులు పదింట తొమ్మిదికి పైగా పోయాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ ఈ చిన్న ఈగ కొలతకు తగ్గట్టు పెట్టె రూపొందించిన నాటి నుంచి తరాలు కూడబెట్టిన సంపద అది.

చావు వచ్చిన తీరే గుండె కోస్తుంది. వైరస్ పెద్ద ఈగను వెంటనే చంపదు, పిల్లను పట్టుకుంటుంది. గదికి మూత పడే వేళకు పిల్ల తల పైకెత్తి, పడవలా వంగి, నీళ్లు నిండిన సంచిగా మిగిలిపోతుంది. తెల్లని ఒళ్లు పసుపై, గోధుమై, నల్లబడుతుంది. ఇల్లు శుభ్రంగా ఉంచడం కూలీ ఈగల స్వభావం కదా, చచ్చిన పిల్లను బయటికి లాగుతాయి. అక్కడే వైరస్ వాటికి అంటుతుంది. పిల్లలకు పాలు ఊరే గ్రంథుల్లోకే చేరుతుంది. ఊడ్చిన దాదే మళ్లీ పాలు పడుతుంది. పాపం, అది చేసిన తప్పేమిటి? పిల్లలు ఎంత ఎక్కువైతే జబ్బుకు అంత మేత. చివరికి మిగిలిన గుంపు రాణితో సహా లేచిపోతుంది, వదిలిన పట్లలో మైనపు పురుగు గూడు అల్లుకుంటుంది.

ఖాళీ అయిన చోట ఇటాలియన్ ఈగ పెట్టెలు దిగాయి. 1960లలో హిమాచల్ నగ్రోటాలో కుదురుకున్న జాతి అది. తేనె ఎక్కువిస్తుంది, కాదనను. కానీ దానికి వరోవా పురుగు బెడద. మన పుట్టతేనె ఈగ ఆ పురుగును ఏరి పారేసుకుంటూ తరాలుగా దాంతో కాపురం చేసింది.

వైరస్‌ను తట్టుకున్న గుంపుల సంతానంతో పుట్టతేనె మెల్లగా తేరుకుంది. మన వైపు మాత్రం రెండో దెబ్బ ఆకలి. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం మంచి నువ్వు రకాలిచ్చింది, జగిత్యాల సన్నాలనే వరి రకమూ ఇచ్చింది. పొలాలకు సాగునీళ్లొచ్చాక గెలిచింది వరి. రైతును తప్పుపట్టలేం, ధర దానికే ఉంది. అయితే వరి పువ్వులో తేనె ఉండదు, దొరికేది పుప్పొడే. కనుచూపు మేర పచ్చగా ఉన్నా ఈగకు అది కరువుకాలమే.

ఈ ఫాల్గుణంలో పెట్టె తెరిచేవారికి ఒక మాట. ముందు పిల్లల గదులు చూడండి. తల పైకెత్తిన పిల్ల ఒక్కటి కనిపించినా ఆ పట్టును పక్క పెట్టెలో పెట్టకండి. దీనికి మందు లేదు. రాణిని కొన్నాళ్లు బంధించి గుడ్లు ఆపడం ఒక దారి. పాత గోడ తొర్రలో పుట్టతేనె దొరికినవారు తేనె పట్లు తీసుకుని, పిల్లల పట్లు వదిలేయండి. మంట మాత్రం పెట్టకండి.